తిమింగలం అటువైపు లేచింది

పడవ ఒడ్డు వదిలాక గానీ పక్క సీటులో ఎవరు వచ్చి పడ్డారో ఆమె చూసుకోలేదు. చూశాక గుండె జారిపోయింది. ఇంతమందిలో ఈయనే దొరకాలా?

అతని మొహమూ ఏమంత వెలిగిపోలేదు. లేచి వేరేచోట కూర్చుందామంటే కుదరదు. చిన్న పడవ ఒరిగిపోకుండా, లావుపాటి మనిషి పక్కన బక్కపలచటి మనిషి చొప్పున సరంగే తూకం చూసి కూర్చోబెట్టాడు.

ఇది వలస తిమింగలాల విజ్ఞాన యాత్ర. చిన్న బృందం, ప్రశాంతతకు పూచీ మాది అని ప్రకటనలో రాశారు. అక్కయ్యకు ఒంట్లో బాగాలేదని ఇంట్లో అబద్ధమాడి మరీ వచ్చిందామె. చిన్నప్పుడు పాఠంలో చదివిన తిమింగలాన్ని ఒక్కసారి కళ్ళారా చూడాలి. ఆ ఒక్క పూటైనా ఎవరికీ ఏదీ అందించకుండా కూర్చోవాలి. అంతకుమించి గొంతెమ్మ కోరికలేం లేవు.

తిమింగలాలు పిల్లల్ని కనడానికి వెచ్చటి నీళ్ళు వెతుక్కుంటూ ఎంత దూరం పోతాయో లెక్చరరమ్మ చెబుతోంది. ఆవిడ చెప్పే ప్రతి ముక్కనూ పక్క సీటాయన సవరిస్తున్నాడు. తిమింగలాల గురించి ఆయనకు తెలియనిదల్లా, అవి చేపలు కావన్న సంగతి ఒక్కటే.

"మీరిద్దరూ ఒకే ఊరివాళ్ళా అండీ?" లెక్చరరమ్మ మర్యాదకు అడిగింది.

"అబ్బే, ఈవిణ్ణి ఇక్కడే చూడ్డం," అన్నాడతను.

"నేనూ అంతే," అందామె.

అల పెద్దదైంది. విజ్ఞానం ఆగిపోయింది. అతని మొహం పాలిపోయింది. అతను నోరు తెరవకముందే ఆమె కవరు తెరిచింది. ఒక చేత్తో కవరు పట్టుకుని, రెండో చేత్తో వీపు రాస్తూ కూర్చుంది.

సరిగ్గా అప్పుడే అటువైపు తిమింగలం లేచింది. అంత శరీరమూ గాల్లోకెగిరి మళ్ళీ నీళ్ళలో పడిందట. వెనకాలే పిల్ల కూడా ఉందట. ఆమె తలెత్తేసరికి నెత్తిన పడ్డ నీళ్ళే మిగిలాయి.

"ముక్కూమొహం తెలియని మనిషికి ఇంత సేవ చేశావు. నీలాంటివాళ్ళు ఉండబట్టే ఇంకా వానలు పడుతున్నాయి తల్లీ," అంది ముందు సీటు పెద్దావిడ.

అతను మూతి తుడుచుకుని, "చాలా థాంక్సండీ మేడమ్," అన్నాడు. ఆమెతో ఒక మగమనిషి అంత మర్యాదగా మాట్లాడి ఏళ్ళయింది.

ఒడ్డుకు చేరాక ఆమె ముందు బస్సెక్కింది. అతను తర్వాతి బస్సుకని ఆగాడు.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర, "ఆఫీసు ట్రైనింగు ఎలా జరిగిందండీ?" అని భర్తను అడిగితే, "బానే జరిగింది గానీ, మీ అక్కయ్యకెలా ఉంది?" అంటూ కంచం ముందుకు జరిపాడు పక్క సీటాయన.