మగ్గం చప్పుడుకే పడుకునే పాప

నెల తిరగని పాపకు మగ్గం చప్పుడే జోలపాట. అది ఆగితే చాలు, లేచి ఏడుస్తుంది. అందుకే మగ్గం పక్కనే దూలానికి చీరతో ఉయ్యాల కట్టారు.

చనుబాలు చాలక, బాలింత వళ్ళియమ్మ వంటింట్లో ఆవుపాలు కాచి ఉగ్గుగిన్నెలో చల్లారుస్తోంది. రాత్రివేళ, కరెంటు లేదు. ముందు తలుపు గడియ వేయకుండా దగ్గరికి వేసి ఉంచింది. ఉన్నట్టుండి ముందుగదిలో మగ్గం ఆడింది. ఏడుస్తున్న పాప ఊరుకుంది. నూలు కోసం తిరుత్తణి వెళ్ళిన మొగుడు దండపాణి వచ్చేశాడనుకుని ఆమె ప్రాణం కుదుటపడింది.

“దీపం లేకుండా ఎట్ల నేస్తాండావు మామా?”

మగ్గం కాస్త మెల్లగా ఆడింది.

అంతలో ఎవరో పెరటి తలుపు తట్టారు.

“వళ్ళీ, నేనే. ముందు తలుపు గడేసుకోని ఏం జేస్తాండావు? బస్సు ఇప్పుడే వచ్చె, తలుపు తీ” అన్నాడు బయటినుంచి దండపాణి.

ఉగ్గుగిన్నె జారిపడింది. ముందుగదిలో మగ్గం ఆగిపోయింది.

పాప ఏడవలేదు.