ఎండ వంతు

సూర్యుడు కూడా ఒక నక్షత్రమేనని బడిలో చెబితే ఇప్పటి పిల్లలెవరూ ఆశ్చర్యపోరు. ఎండలకు జనం రాలిపోతున్నారని ఆకాశంలో తెర కట్టాక, సూర్యుడు వాళ్లకు తెల్లటి చుక్కగానే తెలుసు. కాలువ నీళ్లకు ఉన్నట్టే ఎండకూ వంతులొచ్చాయి. కల్యాణదుర్గం పక్కనున్న ఆ పల్లెకు నెలకొక పూట తెర తీస్తారు.

ఆ పూట రాగానే ఓబుళమ్మ మనవరాలిని ఎత్తుకుని మిద్దె ఎక్కింది. మూడేళ్లు నిండినా పిల్ల కాళ్లు వంకరపోయి నిలబడలేదు. మందులు పనిచేయలేదు, ఎండ తగలాల్సిందే అన్నాడు డాక్టరు. కోడలు పవిత్ర పిల్ల ఒంటికి నూనె రాసి, చాప మీద పడుకోబెట్టింది.

తెర తీశారు. అప్పుడే పడమటి నుంచి మబ్బొచ్చి కమ్ముకుంది.

"మల్లా నెల దాంకా ఆగల్లా అత్తా?" పవిత్ర నూనె చేతులతోనే పిల్లను దగ్గరకు లాక్కుంది.

చిన్నప్పుడు వాన కోసం కప్పలకు పెళ్లి చేసి, వేపమండలతో ఊరంతా తిరిగిన మనిషి ఓబుళమ్మ. మబ్బు కనిపిస్తే చేతులెత్తి మొక్కడమే ఆమెకు తెలుసు. ఇప్పుడు చేట పట్టుకుని లేచింది.

"పో! యాడికన్నా పో! మా బిడ్డ పూట తినాకు!" అని మబ్బును కసిరింది. పక్క మిద్దెల మీది జనం కూడా అందుకుని తిట్టారు.

పిల్ల మోకాలి మీద ఒక చినుకు పడింది. పిల్ల నవ్వుతూ దాన్ని తాకబోయేలోపు ఓబుళమ్మ ఎంగిలి తుడిచినట్టు కొంగుతో తుడిచేసింది.

పడింది ఆ ఒక్క చినుకే. మబ్బు తేలిపోయేసరికి తెర మూసేశారు. పైన మళ్లీ ఆ తెల్లటి చుక్క మిగిలింది.