యూనిస్ బదులు

గల్ఫ్‌లో, బనియాస్ అనే ఊళ్ళోని ఒక చిన్న ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసే ప్రభుకిరణ్ ఆ రాత్రి ఆఫీసులో ఒక్కడే మిగిలాడు. డబుల్ డ్యూటీ చేసి రూముకు వెళ్తూ నర్సు యూనిస్ చెప్పిన మాటలు అతన్ని కదలనివ్వలేదు.

“వస్తానని ఒప్పుకుని మీటింగులు ఎగ్గొడుతున్నానంట తమ్ముడూ. ఇంకోసారైతే ఖలాస్, ఇంటికే అన్నాడు మేనేజరు. నాకసలు ఇన్విటేషనే రావట్లేదు. క్యాలెండర్ ఖాళీ!”

ఆమె ఈమెయిల్ సెట్టింగులు తెరిచాక కారణం దొరికింది. యూనిస్‌కు రావలసిన ఆహ్వానాలన్నీ ఆమెకు చేరకుండా నేరుగా దయారాణికి వెళ్తున్నాయి. నైట్ డ్యూటీ చేసిన నర్సు పిల్లల నిద్ర చెడకూడదని, పగటి మీటింగులకు వాళ్ళ బదులు తానే వెళ్ళొచ్చే పెద్ద సిస్టర్ దయారాణి. యూనిస్ కొత్తగా చేరినప్పుడు ఆమె పెట్టించిన ఏర్పాటు అది. దాన్ని తీసెయ్యాలని ఎవరికీ తోచలేదు. దయారాణిని కరోనా ఏడాదిలో ఇక్కడే సమాధి చేశారు.

మరి వస్తానని ఒప్పుకుంటున్నదెవరు?

చూద్దామని అతను యూనిస్ పేరుకు ఒక ఆహ్వానం పంపాడు. పక్కనున్న మీటింగు గదిలో, ఇప్పుడే, అని పెట్టాడు. ఏసీ హోరు తప్ప ఎక్కడా చప్పుడు లేదు.

టింగుమని జవాబొచ్చింది. దయారాణి పేరుతోనే.

“యూనిస్ ఇప్పుడే పడుకుంది. లేపకు తమ్ముడూ. నేనొస్తాలే.”

తాళం వేసి ఉన్న పక్క గదిలో, రోజంతా నిలబడిన మనిషెవరో కుర్చీ లాక్కుని ఉస్సురని కూర్చున్న చప్పుడైంది.