కిటికీ పక్క కుర్చీ

రుక్మిణి కావాలనే ఆండాళ్ కాఫీలో చక్కెర వేయలేదు.

ముందుగదిలో, కిటికీ పక్క కుర్చీలో ఆండాళ్ కూర్చుని ఉంది. జడలో కనకాంబరాలు. బల్లకు అవతల అనంతపద్మనాభం. యూనివర్సిటీలో చరిత్ర ప్రొఫెసరు. ఈ చుట్టుపక్కల శాసనాలు వెతకడం కోసం ప్రొద్దుటూరులో ఇల్లు తీసుకున్నారు. ఆయన వెనక గోడ మీద కొత్త రాష్ట్రం పటం వేలాడుతోంది.

ఆండాళ్ ఒక గుటక తాగి మొహం చిట్లించింది.

"చక్కెర వేసినట్టు లేదే."

"మరిచిపోయినా" అంది రుక్మిణి.

ఆయన కాగితాల మీంచి తలెత్తకుండానే తన గ్లాసు ఆండాళ్ వైపు జరిపారు. "ఇది తాగు. తియ్యగానే ఉంది."

ఆయన అప్పటికే సగం తాగిన గ్లాసు అది. ఆండాళ్ మారుమాట లేకుండా తాగింది.

రుక్మిణి వంటింట్లోకి వచ్చి పొయ్యిలో కట్టెలు ఎగదోసింది. పొగ లేచింది.

"ఏంది రుక్మిణమ్మా, పొగంతా మా ఇంట్లోకే తోల్తాండావు?" పెరటి గోడ మీంచి పక్కింటి ఖమ్రున్నీసా తొంగిచూసింది. "ఆయమ్మకు ఈ పొద్దు కూడా పాఠమేనా?"

"రేపు కమిటీ ముందర పాఠం చెప్పి చూపించాలంట అక్కా."

"నీ కుర్చీలో ఆయమ్మను కూసోబెట్టినాడు. నువ్వేమో ఈడ పచ్చడి నూరుకుంటాండావు. నేనైతే ఆ బండ ఎత్తుకోని పోయి..."

"ఊరుకో అక్కా."

"ఊరుకోబట్టే ఇట్లయింది."

అబద్ధం కాదు. ఆ కుర్చీ రుక్మిణిదే. జమ్మలమడుగు నుంచి పులివెందుల దాకా ఆయన వెంట ఎద్దులబండిలో తిరిగింది రుక్మిణి. రాళ్ళు కడిగింది. తడి కాగితం పరిచి, సిరా అద్ది, అక్షరాల అచ్చులు తీసింది. ఏ రాయి మీద ఏ అక్షరం తేలినా ఆయన మొదట పిలిచేది ఆమెనే. రాత్రి దీపం పెట్టాక ఇద్దరూ ఆ బల్ల మీదికి వంగి చదువుకునేవాళ్ళు.

పోయిన ఎండాకాలం ఆండాళ్ మద్రాసు నుంచి ఎమ్మే పట్టాతో దిగింది. అదే నెలలో వంటమనిషి మానేసింది. "కొన్నాళ్ళు నువ్వు చూసుకో రుక్మిణీ" అన్నారాయన. ఆ కొన్నాళ్ళు ఇంకా అయిపోలేదు.

ఢిల్లీ వాళ్ళిచ్చే పరిశోధన గ్రాంటు ఈసారి ఒక్కరికే. రేపు కమిటీ మెచ్చుకుంటే అది ఆండాళ్‌కు వస్తుంది. ఆ తర్వాత యూనివర్సిటీలో ఉద్యోగం, ఆయన పక్క గదిలోనే. అప్పుడిక రుక్మిణికి ఇక్కడ పనేముంటుంది? చాపాడుకు, నాయన దగ్గరికి తిరిగి పోవడమే.

ముందుగదిలోంచి మాటలు వినిపిస్తున్నాయి.

"రాళ్ళు ఎట్లా వెతికినావని అడుగుతారు. ఏం చెప్తావు?"

"మేము మొదట ఊళ్ళో ముసలివాళ్ళను అడిగాము..."

"మేము వద్దు. నేను అను. పని చేసిన మనిషి ఒక్కరేనని కమిటీకి కనపడాల."

ఇద్దరూ నవ్వుకున్నారు. రుక్మిణి పచ్చడిలో ఇంకో గుప్పెడు మిరపకాయలు వేసింది.

"రుక్మిణీ, ఇట్లా రా! పిల్లోళ్ళు లేకుండా పాఠమేంది? నువ్వే క్లాసు. కూచో."

చేతులు కొంగుకు తుడుచుకుని చాప మీద కూర్చుంది. ఆండాళ్ లేచి గొంతు సవరించుకుంది. తొండూరులో దొరికిన శాసనం గురించి మొదలుపెట్టింది. బావి తవ్వినవాళ్ళకు ఎవరో రాజు ఇచ్చిన పొలం సంగతి. బాగానే చెబుతోంది. చెయ్యి ఎప్పుడు ఎత్తాలో, ఎక్కడ ఆగాలో, అన్నీ ఆయన నేర్పినట్టే. రుక్మిణి చెయ్యెత్తింది.

"నాదొక ప్రశ్న" అంది. "ఆ రాయి మీకు యాడ కనపడింది?"

ఆండాళ్ తడబడింది. ఆయన వైపు చూసింది.

"చేను గట్టున కదా?" అన్నారాయన.

అక్కడ నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. ఆండాళ్ రేపు కమిటీ ముందు కూడా అలాగే తడబడేది. కానీ రుక్మిణికి ఆ రాయి కళ్ళముందు కదిలింది. ఆ రోజు ఆయన జ్వరంతో బండిలోనే పడుకుండిపోయారు.

"గట్టున కాదు. పశువుల కుడితి తొట్టి కింద బోర్లా ఏసినారు. తొట్టి జరిపించి, రాయి తిప్పిస్తేనే అక్షరాలు బయటపడినాయి."

"బలే!" ఆయన బల్ల మీద చరిచారు. "ఇట్లాంటిది చెప్తే కమిటీ ఇంకేమీ అడగదు. రాసుకో ఆండాళ్. తొట్టి జరిపించినా, రాయి తిప్పించినా అను."

ఆండాళ్ గబగబా రాసుకుంది. "ఎంత మేలయిందో!" అంటూ రుక్మిణిని చూసి నవ్వింది. ఆ నవ్వులో కల్మషం లేదు. రుక్మిణికి అదే ఎక్కువ మండింది.

వంటింట్లోకి వెళ్ళి పొయ్యి ఆర్పింది. చేతులు కడుక్కుంది. గోళ్ళ సందుల్లో నలుపు ఎంత రుద్దినా పోలేదు. చెప్పులేసుకుని గడప దాటింది.

"ఇంత ఎండలో యాడికి పోతాండావు?" వాకిట్లోంచి ఖమ్రున్నీసా కేకేసింది.

రుక్మిణి నడుస్తూనే ఉంది.

"రుక్మిణీ!"

ఆయన గొంతు. ఆమె ఆగింది. ఇన్ని నెలల్లో ఆయన ఆ బల్ల దగ్గర్నుంచి లేచి ఆమె కోసం వీధిలోకి రావడం ఇదే మొదలు.

"కోపమొచ్చిందా?" దగ్గరికి వచ్చి మెల్లగా అడిగారు.

రుక్మిణి తల అడ్డంగా ఊపింది. ఒక్క మంచి మాట అంటే చాలు, వెనక్కి తిరిగేటట్టుంది.

"మా ఆవిడకు ఈ గ్రాంటు రానీ, ఆ తర్వాత నీ థీసిస్ సంగతి చూస్తాం" అన్నారాయన.