ఒకటి నొక్కండి

"ఈసారి మాత్రం ఒకటే నొక్కాలండి మాస్టారూ. మీకు దణ్ణం పెడతాను," అంది వినీల.

ఆమె వార్డు సచివాలయంలో ఉద్యోగి. చున్నీ నెత్తిన కప్పుకుని, త్రిమూర్తులు మాస్టారి గేటు ముందు ఎండలో నిలబడి ఉంది. వెనక జేసీబీ గుర్రుమంటోంది. గాలివానకి పడిపోయిన నిద్రగన్నేరు చెట్టు తాలూకు మొద్దు, ఇన్నాళ్ళకి వేళ్ళతో సహా పైకొచ్చి రోడ్డు పక్కన పడి ఉంది.

"గొయ్యి?" అన్నారు మాస్టారు.

"పూడ్చేశాం కదండీ. చూడండి."

మాస్టారు చెప్పు విడిచి, పాదంతో అదిమి చూశారు. కదల్లేదు.

"గ్రావెల్ కూడా వేసి తొక్కించానండి," జేసీబీ మీంచి అరిచాడు డ్రైవరు పల్లంరాజు. "మా ఇంటి ముందైనా ఇంత బాగా చెయ్యలేదు. బోర్డు పెట్టి క్యారమ్స్ ఆడుకోండి కావాలంటే!"

ఎదురింటి అరుగు మీద బుల్లెమ్మ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. "ఆయన లెక్కల మాస్టారు నాయనా," అంది తలెత్తకుండానే. "జవాబు సరిపోయినంత మాత్రాన మార్కు వేసేస్తారేంటి?"

పల్లంరాజు నవ్వాడు. వినీల నవ్వలేదు.

మొదటిసారి మొద్దుని నేలమట్టానికి కోసి వెళ్ళారు. సాయంత్రం ఫిర్యాదుల నంబరు నుంచి ఫోనొచ్చింది. పని తృప్తిగా ఉంటే ఒకటి, లేకపోతే రెండు నొక్కమంది. మాస్టారు రెండు నొక్కారు. ఫిర్యాదు తిరిగి తెరుచుకుంది. రెండోసారి చుట్టూ తవ్వి పక్కవేళ్ళు నరికారు. అప్పుడూ రెండే.

"మూడోసారి కూడా తిరిగొస్తే నాకు మెమో ఇస్తారండి. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు."

"నొక్కుతానమ్మా. ఒకటే నొక్కుతాను."

వినీల కొంచెం తేరుకుంది. ట్యాబ్‌లో ఫొటో తీసుకుంటూ, "ఇంకోటండి," అంది. "కంప్లయింట్ ఇంకా అమ్మగారి పేరు మీదే ఉంది. ఆవిడ పోయి ఏడు నెలలైంది కదా. మీ పేరుకి మార్చేయమంటారా? రెండు నిమిషాల పని."

"వద్దు."

ఆ మాట అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. బుల్లెమ్మ కూడా తలెత్తి చూసింది.

"పెట్టింది తనే కదమ్మా. అలాగే ఉండనీ," అన్నారు మాస్టారు మెల్లిగా. లోపలికి వెళ్ళి ఇద్దరికీ మజ్జిగ తెచ్చారు.

వినీల తాగి గ్లాసు అందిస్తూ అంది: "నిజం చెప్పాలంటే మీరే నయమండి. ఈ వార్డులో ఇలాంటి మొద్దులు ఇంకా పదకొండున్నాయి. రోజూ ఎవరో ఒకరు తన్నుకుని పడతారు, మమ్మల్ని తిట్టుకుంటారు. ఒక్కళ్ళూ ఫోన్ చేసి చెప్పరు. కంప్లయింట్ ఉంటేగానీ మాకు జేసీబీ పంపరండి."

జేసీబీ మలుపు తిరిగింది. దాని వెనకే వినీల స్కూటీ. బుల్లెమ్మ చిక్కుడుకాయల చేట తీసుకుని లోపలికి పోయింది. వీధి చదునుగా, ఖాళీగా మిగిలింది.

సాయంత్రం మాస్టారు అరగ్లాసు బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టారు. అంత తక్కువకి కుక్కరు సరిగ్గా కూత పెట్టదు. దాని ముందే నిలబడి ఉండగా, ఫ్రిజ్ పక్కన చార్జింగ్‌లో ఉన్న భార్య ఫోన్ మోగింది. స్టవ్ కట్టేసి, చేతులు తుడుచుకుని తీశారు.

"నమస్కారం ఉషారాణి గారూ," అంది రికార్డు చేసిన ఆడగొంతు. "చెట్టు మొద్దు తొలగించమని మీరు ఇచ్చిన ఫిర్యాదు పరిష్కరించాం. మీకు తృప్తిగా ఉంటే ఒకటి నొక్కండి. లేకపోతే రెండు నొక్కండి."

మాస్టారు ఏదీ నొక్కలేదు.

"క్షమించండి ఉషారాణి గారూ. మీరు ఏ అంకెనూ నొక్కలేదు."

ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో ఆయన ఒక్కనాడూ భార్యని పేరు పెట్టి పిలవలేదు. "ఇదిగో" అనేవారు. "వింటున్నావా" అనేవారు. ఆవిడ పోయాక పలకరించడానికి వచ్చినవాళ్ళు "అమ్మగారు" అన్నారు, "ఆవిడ" అన్నారు. కొన్నాళ్ళకి ఆ మాటలూ ఆగిపోయాయి. ఇప్పుడా పేరు పలికేది ఈ గొంతొక్కటే.

"ఉషారాణి గారూ, ఇది చివరి అవకాశం. తృప్తిగా ఉంటే ఒకటి నొక్కండి. లేకపోతే..."

బొటనవేలు రెండు మీదికి వెళ్ళింది. చెమటకి తడిసిన చున్నీతో గేటు ముందు నిలబడ్డ పిల్ల గుర్తొచ్చింది. మాస్టారు కళ్ళు మూసుకుని ఒకటి నొక్కారు.

"ధన్యవాదాలు. మీ ఫిర్యాదు ముగిసింది."

అంతే. ఈసారి పేరు చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే మాస్టారు గొడుగు, నోటుబుక్కు తీసుకుని బయల్దేరారు.

"ఎక్కడికండీ మాస్టారూ, ఇంత పొద్దున్నే?" అడిగింది బుల్లెమ్మ.

"అలా నడిచొస్తానమ్మా."

తిరిగొచ్చేసరికి మధ్యాహ్నమైంది. చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది. మంచినీళ్ళైనా తాగకుండా కుర్చీలో కూర్చుని, ఫ్రిజ్ పక్కనున్న ఫోన్ తీసి ఫిర్యాదుల నంబరుకి కలిపారు.

"ఎవరి పేరు మీద రాయమంటారండీ?" అడిగింది అవతలి అమ్మాయి.

మాస్టారు గొంతు సవరించుకున్నారు.

"ఉషారాణి," అన్నారు.

"సమస్య ఏంటండీ?"

"చెట్టు మొద్దు," అన్నారు మాస్టారు, నోటుబుక్కు తెరుస్తూ. "ఒకటి కాదమ్మా, పదకొండున్నాయి. దేనికి దానికి విడిగా నంబరివ్వండి."