పెద్దాయన ఒప్పుకుంటేనే

"కాఫీ" అంది టాబ్లెట్.

చిన్ని వాళ్ళన్న మూడో కప్పు తెచ్చి తండ్రి ముందు పెట్టాడు. ఆయన తల పట్టుకున్నాడు. పాపం, ఆయన టైపు చేసింది "కాఫీ వద్దు" అని. ఆ చివరి మాటను టాబ్లెట్ గుటుక్కున మింగేసింది.

గొంతుకి ఆపరేషనై మాట పోయిన మనిషాయన. అంతకుముందు ఉద్యోగమంతా రైల్వే స్టేషన్లో మైకు ముందే గడిచింది. ఇప్పుడు టైపు చేస్తే పైకి చదివిపెట్టే ఒక ఉచిత ప్రోగ్రామే ఆయన గొంతు. కొత్త టాబ్లెట్ కొన్న దగ్గర్నుంచీ దానికీ జబ్బు చేసింది. నిన్నటికి నిన్న డాక్టరు అడిగితే "నొప్పి లేదు" అని కొట్టాడు. "నొప్పి" అని మాత్రమే వినబడేసరికి ఆ మహానుభావుడు మరో ఇంజక్షన్ పొడిచి పంపాడు.

తండ్రి టాబ్లెట్ ఆపేసి బీరువాలో పడేశాడు. ఇక మాట్లాడనని చేత్తో సైగ చేశాడు.

చిన్ని ఆయన కూతురు. పగలంతా పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్లో కూర్చుంటుంది, ఇంటికొచ్చాక ప్రోగ్రామింగ్ నేర్చుకుంటుంది.

"ఆ ప్రోగ్రాం నేను బాగుచేస్తా అన్నయ్యా. దాని లోపలి రాతంతా అందరికీ కనబడేలా పెట్టారు. చేతనైనవాళ్ళు ఎవరైనా సరిచెయ్యొచ్చు."

"ఊరికే ఎవరు చేస్తారే?"

"ఊరికే కాదు, చివరి మాట మింగే జబ్బు నయంచేస్తే బహుమతి అని దాని పేజీలో పెట్టారు. నా డొక్కు లాప్‌టాప్ మార్చుకోవచ్చు. షరతు ఒక్కటే, పెద్దాయన ఒప్పుకోవాలి."

"ఆయనెవరు?"

"ఆ ప్రోగ్రాం పుట్టించినాయన. అందరూ అలాగే అంటారు."

చిన్ని నడుం బిగించింది. మొదటి ప్రయత్నం పంపిందో లేదో, జవాబొచ్చి వాలింది.

"ఆకలి మీద రాశావా? ఒక బ్రాకెట్ తినేశావు. భోంచేసి రా."

అన్న పకపకా నవ్వాడు. "ఇంత తొందరగానా! మెషీనేమోనే!"

"మెషీన్‌కి ఇంత వెటకారం ఎక్కడిది?" అంది చిన్ని, మూతి ముడిచి.

రెండోసారి ఒక ఉపాయం చేసింది. మాటలు అందించాక కాసేపు ఆగి, అప్పుడు స్పీకర్ ఆపమంది. లాప్‌టాప్‌లో పెట్టి చూస్తే "కాఫీ వద్దు" నిక్షేపంలా పలికింది. ఎగిరి గంతేసి పంపింది.

"గడియారం చూసి ఆపుతున్నావు. మరి పొడుగ్గా మాట్లాడేవాళ్ళు ఏమైపోవాలి? మాట్లాడే మనిషిని చూసి ఆపు."

ఉడుక్కుంటూనే తండ్రి పాత అనౌన్స్‌మెంటు ఒకటి టైపు చేసి చూసింది. "రెండో నంబరు ప్లాట్‌ఫారం మీదికి రావలసిన బండి ఆలస్యంగా..." అని ఆగిపోయింది. పెద్దాయన మాటే నిజం!

"సరైన దారేదో మీరే చెప్పొచ్చుగా?" అని రాసింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. "మీరు బాగున్నారా?" అని కూడా అడిగింది. దానికీ అంతే.

"వింత మనిషి అన్నయ్యా! అడిగితే నోరు విప్పడు. తప్పు చేస్తే మాత్రం రెప్పపాటులో తగులుకుంటాడు."

అయినా ఆ తిట్లలో ఏదో ఆప్యాయత ఉంది. డ్యూటీ నుంచి రాగానే చెప్పులు విడిచీ విడవకుండా లాప్‌టాప్ తెరిచేది. మళ్ళీ తప్పింది. ఈసారి జవాబు మెత్తగా వచ్చింది.

"ఈ గోతిలో నేనూ పడ్డాను. దిగులుపడకు. తలుపు ఎవరు మూస్తున్నారో చూడు."

చూసింది. చివరి మాటను స్పీకర్ చేతిలో పెట్టి, అది పలికిందో లేదో పట్టించుకోకుండా ప్రోగ్రామే తలుపు మూసేస్తోంది! "పలికేశాను" అని స్పీకర్ చెప్పాకే మూసేలా మార్చి పంపింది.

"వచ్చావా! నీ కోసమే చూస్తున్నాను. ముందు వెళ్ళి ఇంట్లోవాళ్ళకి వినిపించు."

చిన్ని కళ్ళు తుడుచుకుని బీరువా తెరిచి, సరిచేసిన ప్రోగ్రాంని టాబ్లెట్‌లోకి ఎక్కించింది. తండ్రి బతిమాలించుకుని, బతిమాలించుకుని టైపు చేశాడు.

"నాకు కాఫీ వద్దు" అంది టాబ్లెట్.

కప్పుతో వస్తున్న అన్న గుమ్మంలోనే నిలబడిపోయాడు. తండ్రి వేళ్ళు చకచకా కదిలాయి.

"ప్రయాణికులకు మనవి. మా అమ్మాయి బండి సకాలంలో చేరుకుంది."

ముగ్గురూ నవ్వారు, ముగ్గురూ ఏడ్చారు.

మర్నాడు, చిన్ని పేజీలో ఇచ్చిన నంబరుకి ఫోనొచ్చింది. "నేను పెద్దాయన భార్యనమ్మా. బహుమతి ఎక్కడికి పంపమంటావు?"

"అదెక్కడికి పోతుందండీ! పేజీలో ఇంకో జబ్బు కనబడింది. దానికి బహుమతి లేదు, అయినా నేను చేస్తాను."

ఆవిడ నవ్వింది. "ఆయన మాట అదే. మొదటిసారి డబ్బు కోసం వస్తారు, రెండోసారి పని కోసం వస్తారు అని."

"అవునూ, అంత తొందరగా జవాబులెలా ఇస్తారండీ?"

"కొత్తగా వచ్చేవాళ్ళు ఎక్కడెక్కడ తడబడతారో తలుచుకుని, ఒక్కో తప్పుకీ ఒక్కో జవాబు ముందే రాసిపెట్టారమ్మా. ఆ తప్పు చేస్తే అది దానంతటదే వస్తుంది, సరిగ్గా చేస్తే ఒప్పుకునే జవాబూ అంతే."

చిన్ని ముక్కున వేలేసుకుంది. "ముక్కూ మొహం తెలియని నాకోసం అంత ఆలోచించారా! ఆయనకి చేతులెత్తి దణ్ణం పెట్టాలి. ఇదిగో, మా నాన్న కూడా పక్కనే ఉన్నారు, పెద్దాయనతో మాట్లాడతారట. ఒక్కసారి ఫోనివ్వండి."



"ఆయన పోయి ఏడాది దాటిందమ్మా."