పికప్ రాని లోడర్

"తొక్కితే పికప్ రావట్లేదురా. ఒక్క క్షణం ఆగి, ఉన్నట్టుండి దూకుతోంది," అన్నాడు బావ మళ్ళీ. పాతికేళ్ళుగా లారీల్లోకి లోడు ఎత్తిపోసే ఈ లోడర్లు నడుపుతున్న మనిషి.

నిన్న లోడర్ అలాగే దూకి ఒక లారీ తలుపు నుజ్జు చేసింది. డ్రైవరు అప్పుడే దిగాడు కాబట్టి బతికిపోయాడు. ఇంకోసారి జరిగితే బావ ఇంటికే.

మెకానిక్కుని నేనే. ఫిల్టర్ మార్చాను, పెడల్ మార్చాను, సెన్సర్ కూడా మార్చాను. అయినా అదే పాట.

"చేతకాకపోతే చెప్పు, ఇంకొకణ్ణి పిలుస్తారు," అన్నాడు బావ.

ఈసారి బావను సీట్లోనే ఉంచి, మెట్టు మీద కూర్చుని పెడల్ వైపే చూశాను.

"తొక్కు బావా."

"తొక్కాను."

పెడల్ కదల్లేదు. కాసేపటికి బూటు ఒక్కసారిగా దిగింది. ఇంజన్ గర్జించింది.

"చూశావా! నేను చెప్పలా?"

ఇంజన్ ఆపి బూటు విప్పించాను. చొక్కాకున్న పిన్నీసు తీశాను.

"కళ్ళు మూసుకో. కాలి వేలికి గుచ్చుతాను, తెలియగానే చెప్పు."

బావ నవ్వుతూ మూసుకున్నాడు. బొటనవేలి మీద రక్తం చుక్క తేలి, పక్కకి జారింది.

"గుచ్చవేంరా? అవతల లారీలు ఆగున్నాయి," అన్నాడు.